కాటా ముందు పెట్టుకోండి: లాక్టిక్ బ్యాక్టీరియాతో కూరగాయలు పులియబెట్టడం, వాటి మీద జరిగే పరిశోధనను చదవడం ఎలా

కత్తి కంటే ముందు, సీసా కంటే ముందు, గ్రాముల్లో తూచే కాటా ఒకటి వంటగట్టు మీద పెట్టుకోండి. కూరగాయలు పులియబెట్టడంలో నేను చేసిన తప్పులన్నీ ఒక్కచోటే మొదలయ్యాయి, ఉప్పు చెంచాతో వేయడం దగ్గర. నా మొదటి సీసాలో క్యాబేజీ నాలుగో రోజుకే మెత్తబడిపోయింది. వేళ్లతో పట్టుకుంటే జారిపోయేది, ఊట తీగలు సాగేది. కుళ్లు కంపు లేదు గానీ నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. మొత్తం పారబోశాను. రెండోసారి అదే సీసా, అదే గది, అదే క్యాబేజీ. ఉప్పు మాత్రం తూచి వేశాను. మూడు వారాలకు కొరికితే చప్పుడయ్యేంత గట్టిగా, పుల్లగా వచ్చింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఉప్పు తూచకుండా ఒక్క సీసా కూడా పెట్టలేదు.

కూరగాయలను పులియబెట్టే లాక్టిక్ బ్యాక్టీరియా మేలు గురించి వచ్చే వార్తలను కూడా అలాగే తూచి చూడాలని నాకు తర్వాత అర్థమైంది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు సీసా పని చూద్దాం.

సీసాలో ఎవరిది పైచేయి

కోసిన కూరగాయ మీద రకరకాల సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలో లాక్టిక్ బ్యాక్టీరియా చాలా కొద్ది. ఊరికే వదిలేస్తే వీటి వంతు రాకముందే మిగతావి కూరగాయను కుళ్లబెట్టేస్తాయి. మనం చేసే పనంతా ఆ కొద్దివాటికి అనువైన పరిస్థితి కల్పించడమే. ఉప్పు కుళ్లబెట్టేవాటిలో చాలావాటిని కట్టేస్తుంది, లాక్టిక్ బ్యాక్టీరియా మాత్రం దాన్ని ఓర్చుకుంటాయి. గాలి తగలకుండా చేస్తే బూజు పెరగలేదు, వీటికి గాలితో పనే లేదు. చక్కెరను విరిచి లాక్టిక్ ఆమ్లంగా మార్చుకుంటూ ఆ శక్తితోనే బతికేస్తాయి. ఆమ్లం పేరుకోవడం మొదలైందా, ఇక సీసా వాటిదే.

ఆ ఆమ్లం మిగతావాటిని ఎలా అణుస్తుందో తెలిస్తే, తర్వాత చెప్పబోయే కొలతలకు అర్థం దొరుకుతుంది. లాక్టిక్ ఆమ్లం అణువు విడిపోకుండా నిండుగా ఉన్నప్పుడు బ్యాక్టీరియా పొరను దాటి లోపలికి జారిపోగలదు. లోపల పులుపు తక్కువ కాబట్టి అక్కడికి వెళ్లాక విడిపోయి హైడ్రోజన్ అయాన్‌ను వదులుతుంది. దాన్ని బయటికి తోసెయ్యడానికే కణం తన శక్తంతా ఖర్చుచేసి చతికిలబడుతుంది. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 6 దగ్గర ఇలా విడిపోకుండా ఉండే అణువులు నూటికి ఒకటి కూడా ఉండవు. పీహెచ్ 4 దగ్గర నూటికి 40 దాకా ఉంటాయి. అందుకే మొదటి రెండు మూడు రోజులు అంత కీలకం. పీహెచ్ ఎంత త్వరగా దిగితే సీసా అంత భద్రం.

పుల్లబడిన పాలలోంచి ఈ ఆమ్లాన్ని స్వీడన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే 1780లో వేరుచేశారు. దాన్ని తయారుచేసేది ప్రాణమున్న జీవి అని లూయీ పాశ్చర్ చెప్పేసరికి 1857 వచ్చింది.

సీసాలో పనిచేసేది ఒకే జీవి కాదు, వంతులవారీగా కొన్ని దిగుతాయి. మొదట ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్. ఇది లాక్టిక్ ఆమ్లంతో పాటు కార్బన్ డయాక్సైడ్‌ను, కాస్త ఆల్కహాల్‌ను, కాస్త ఎసిటిక్ ఆమ్లాన్ని కూడా వదులుతుంది. మొదటి రోజుల బుడగలు దీని పనే. ఆ వాయువు సీసాలో మిగిలిన గాలిని బయటికి తోసేస్తుంది కూడా. పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గిపోతుంది. తర్వాత లెవిలాక్టోబాసిల్లస్ బ్రెవిస్, చివరకు పులుపును బాగా తట్టుకునే లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్ అందుకుని మిగిలిన చక్కెరను ఖాళీ చేస్తాయి. మంచి రుచి రావాలంటే మొదటిదానికి దాని సమయం ఇవ్వాలి. దాన్ని తొందరపెట్టేది వేడి. వేడి సంగతి కిందికి వెళ్లాక చెబుతాను.

కోయడం, తూచడం

మొదటిసారికి క్యాబేజీయే తీసుకోండి. దాని చక్కెర, దాని నీరు దానికి సరిపోతాయి, బయటి నుంచి చుక్క నీరు పోయక్కర్లేదు. పై రెండు మూడు ఆకులు తీసి, మంచి ఆకు ఒకటి పక్కన దాచండి, తర్వాత పని ఉంది. మిగతాది మామూలు నీటితో కడగండి చాలు. సబ్బు, వెనిగర్ లాంటివి వద్దు, మనకు కావలసిన బ్యాక్టీరియా ఆ ఆకుల మీదే ఉన్నాయి. మొదలు తీసేసి సన్నగా తరగండి. ముక్క ఎంత సన్నగా ఉంటే ఉప్పు అంత త్వరగా నీరు లాగుతుంది.

ఇప్పుడు తరుగును తూచండి. దాని బరువులో 2 శాతం ఉప్పు. కిలో తరుగైతే 20 గ్రాములు, 850 గ్రాములైతే 17. గది వేడిగా ఉంటే 2.5 శాతం దాకా వెళ్లొచ్చు. 1.5 శాతం కంటే దిగితే నా మొదటి సీసాలా మెత్తబడే ప్రమాదం ఉంది. 3.5 దాటితే లాక్టిక్ బ్యాక్టీరియా కూడా నీరసిస్తాయి, ఉప్పును తట్టుకునే ఈస్టులకు చోటు దొరికి తరుగు గులాబీ రంగుకు తిరగొచ్చు.

చెంచా ఎందుకు వద్దంటున్నానంటే, సన్న ఉప్పు ఒక టీస్పూను దాదాపు 6 గ్రాములు తూగుతుంది. రాళ్ల ఉప్పు అదే చెంచాలో అంతకంటే బాగా తక్కువ పడుతుంది. మూడు చెంచాలు వేసేసరికి ఆ తేడా 1 శాతానికీ 2 శాతానికీ మధ్య తేడా అయిపోతుంది. అయోడిన్ ఉన్న ఉప్పు పనికిరాదని చాలామంది అంటారు. నేను రెండూ వాడాను, రెండూ పులిశాయి. గడ్డకట్టకుండా కలిపే పొడుల వల్ల ఊట కాస్త మసకగా కనిపించవచ్చు, అంతే.

క్యారెట్, ముల్లంగి, దోసకాయ లాంటివి ముక్కలుగా పెట్టాలంటే ఉప్పునీరు కావాలి. ఇక్కడ చాలామంది నీటిని మాత్రమే తూచి ఉప్పు వేస్తారు, తీరా ముక్కల్లోని నీరు కలిసేసరికి ఉప్పు పలచబడిపోతుంది. ఖాళీ సీసాను కాటా మీద పెట్టి సున్నా చేయండి. ముక్కలు వేసి, అవి మునిగేదాకా నీరు పోసి మొత్తం బరువు చూడండి. దానికి 3 శాతం ఉప్పు లెక్కకట్టండి. 600 గ్రాముల క్యారెట్, 500 గ్రాముల నీరు కలిస్తే 1,100 గ్రాములు, ఉప్పు 33 గ్రాములు. ఆ నీటినే వంచి, ఉప్పు కరిగించి తిరిగి పోయండి. క్లోరిన్ వాసన వచ్చే నీరైతే మరిగించి చల్లార్చాక వాడండి. దోసకాయలకు పువ్వు ఉన్న వైపు కొన కోసేయాలి. గుజ్జును మెత్తబరిచే ఎంజైములు ఎక్కువగా ఉండేది అక్కడే.

పిసకడం, అణచడం

వెడల్పాటి గిన్నెలో తరుగు, ఉప్పు వేసి చేత్తో కలిపి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత గుప్పిట పట్టి పిసకండి. మొదట ఆకు గరగరలాడుతూ ఎదురు తిరుగుతుంది. కాసేపటికి లొంగుతుంది, ముక్క అంచులు పారదర్శకంగా మారతాయి, గిన్నె ఒక పక్కకు వంచితే అడుగున ఊట కనిపిస్తుంది. గుప్పెడు తీసి గట్టిగా పిండినప్పుడు వేళ్ల సందుల్లోంచి ధారగా కారితే చాలు. ఊట రాకపోతే నీరు పోసే తొందర వద్దు, మూతపెట్టి అరగంట ఆగి మళ్లీ పిసకండి.

సీసా, మూత వేడినీటితో, సబ్బుతో కడిగి ఆరబెట్టి ఉంచండి. మరిగించి శుద్ధి చేయాల్సిన పని లేదు, ఎందుకంటే లోపల వేసే క్యాబేజీ శుద్ధి చేసింది కాదు. తరుగును కొద్దికొద్దిగా వేస్తూ పిడికిలితో గానీ కర్రతో గానీ అణచండి. ప్రతి పొర కిందా ఇరుక్కున్న గాలి బుడగలు పైకి రావాలి. గిన్నెలో మిగిలిన ఊటంతా పోయండి. పైన మూడు నాలుగు వేళ్ల ఖాళీ వదలండి, లేకపోతే మూడో రోజు ఊట పొంగి గట్టంతా తడిసిపోతుంది.

ఇక్కడ దాచిన ఆకుతో పని. దాన్ని సీసా వెడల్పుకు కత్తిరించి తరుగు మీద కప్పండి. దాని మీద చిన్న గాజు గిన్నె గానీ, ఉప్పునీరు నింపి గట్టిగా మూసిన ప్లాస్టిక్ సంచి గానీ బరువుగా పెట్టండి. సంచిలో మామూలు నీరు కాకుండా ఉప్పునీరే ఎందుకంటే, చిరిగినా సీసాలో ఉప్పు పలచబడదు. తరుగంతా ఊట కింద మునిగి ఉండాలి. ఈ మొత్తం పనిలో ఉప్పు తర్వాత ఇదే ముఖ్యం. బూజు పట్టిన సీసాలు నేను చూసినవాటిలో దాదాపు అన్నిటిలోనూ పైకి తేలిన ఒక ముక్క దగ్గరే అది మొదలైంది.

మూత బిగించేయకండి. వాయువు పోవడానికి దారి ఉండాలి. తిప్పే మూతైతే వదులుగా పెట్టండి, లేదా బిగించి మొదటి వారం రోజూ ఒకసారి తెరిచి మూయండి. సీసాను పళ్లెంలో పెట్టండి. దాని మీద కాగితం అంటించి తేదీ, కూర బరువు, ఉప్పు బరువు, గది వేడి రాయండి.

వేడి

18 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ మధ్య మూడు నాలుగు వారాల్లో నెమ్మదిగా పులిస్తే రుచి లోతుగా వస్తుంది. ల్యూకోనోస్టాక్‌కు నచ్చే చల్లదనం అదే. 28, 30 డిగ్రీలు ఉంటే వారంలోపే పుల్లబడుతుంది గానీ మొదటి వంతు త్వరగా ముగిసిపోయి ప్లాంటారమ్ ముందే ఎక్కి కూర్చుంటుంది. పులుపు ఒక్కటే నాలుకకు తగులుతుంది, ముక్క కూడా త్వరగా మెత్తబడుతుంది. వేడి గదిలో పెట్టేవారు ఇంట్లో అన్నిటికంటే చల్లని మూల వెతకండి, నేల మీద, పొయ్యికి దూరంగా. ఉప్పు 2.5 శాతం వేసి, మూడో రోజు నుంచే రుచి చూడటం మొదలుపెట్టండి. ఎండ తగలనివ్వకండి.

రోజూ చూడాల్సినవి

మొదటి రోజు ఏమీ కనిపించదు. రెండో రోజు సాయంత్రానికో మూడో రోజు పొద్దునకో సీసాను వేలితో తట్టి చూడండి. గాజుకు అంటుకున్న సన్నని బుడగలు ఒక్కసారిగా కదిలి వరుసగా పైకి లేస్తాయి. చెవి దగ్గర పెడితే సన్నగా చిటపటలు వినిపిస్తాయి. తేటగా ఉన్న ఊట పాలు కలిపిన నీళ్లలా మసకబారుతుంది. కొత్తగా చేసేవారు భయపడేది ఇక్కడే. కానీ ఆ మసక బ్యాక్టీరియా గుంపే, పని జరుగుతోందనడానికి గుర్తు. ఆకుపచ్చ మెల్లగా పసుపుకు తిరుగుతుంది, ఎందుకంటే ఆమ్లం పత్రహరితంలోని మెగ్నీషియంను లాగేస్తుంది. మొదటి రోజుల్లో క్యాబేజీ గంధకం వాసన గట్టిగా వస్తుంది. అది తగ్గి, ముక్కుకు శుభ్రమైన పులుపు తగలాలి.

పైన తెల్లగా, పలచగా, ముడతలు పడ్డ పొర తేలితే అది ఈస్టు. హాని లేదు గానీ రుచి పాడుచేస్తుంది, ఊట మీది ఆమ్లాన్ని తినేస్తుంది కూడా. చెంచాతో తీసేసి, తరుగు మునిగి ఉందో లేదో చూడండి. అదే నూగులా, బొచ్చులా లేచి పచ్చగా, నల్లగా, గులాబీగా ఉంటే బూజు. పైపైన తీసేసి కింది భాగం తినొచ్చని చెప్పేవారున్నారు. నేను ఒప్పుకోను. బూజు వేళ్లు కనిపించేదానికంటే లోతుకు దిగుతాయి, కొన్ని బూజుల విషాలు కంటికి కనిపించవు. సీసా మొత్తం పారబోయండి. కూరగాయ ఖరీదు ఆరోగ్యానికి మించినది కాదు.

ఊట జిగటగా తీగలు సాగుతుంటే అది ల్యూకోనోస్టాక్ చక్కెరతో అల్లిన డెక్స్‌ట్రాన్ అనే జిగురు. గది వేడెక్కినా, ఉప్పు తగ్గినా ఇలా వస్తుంది. ముక్క గట్టిగా ఉండి, పులుపు వాసన బాగుంటే కొన్ని రోజుల్లో అదే విరిగి పలచబడవచ్చు. ముక్క కూడా మెత్తబడితే ఆశ వదులుకోండి. నా మొదటి సీసాకు జరిగింది ఇదేనని ఇప్పుడు తెలుసు.

పీహెచ్ కొలవడం

రుచి చూసే ముందు కొలవండి. 3 నుంచి 6 మధ్య రంగు స్పష్టంగా మారే పీహెచ్ కాగితాలు తెచ్చుకోండి. 1 నుంచి 14 దాకా ఉండేవాటితో ఈ చిన్న తేడా తెలియదు. శుభ్రమైన చెంచాతో కొద్దిగా ఊట తీసి కాగితం ముంచండి. 4.6 అన్నది గీత. బోటులిజం అనే ప్రాణాంతకమైన విషబాధను తెచ్చే క్లాస్ట్రిడియం బోటులినమ్ అనే బ్యాక్టీరియా గాలి లేనిచోట పెరిగే రకం కాబట్టి మన సీసా దానికి నచ్చేచోటే. కానీ 4.6 కంటే కింద అది పెరగదు, విషం తయారుచేయలేదు. బాగా సాగుతున్న క్యాబేజీ సీసా కొన్ని రోజుల్లోనే 4 కంటే దిగి, పూర్తయ్యేసరికి 3.5 అటూఇటూగా నిలుస్తుంది. మామూలు గది వేడిలో వారం గడిచినా 4.6 దిగకపోతే ఆ సీసా తినకండి.

ఇదే కారణంతో వెల్లుల్లిని నూనెలో నానబెట్టి బయట ఉంచడం వేరే విషయమని గుర్తుంచుకోండి. అక్కడ గాలి లేదు, పుట్టే ఆమ్లమూ లేదు. పులియబెట్టిన వాటి భద్రత దానికి వర్తించదు.

పులుపు మీకు నచ్చిన చోటికి రాగానే బరువు తీసేసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. పులవడం ఆగదు గానీ బాగా నెమ్మదిస్తుంది. ఊట కింద ఉన్నంతకాలం నెలలు నిలుస్తుంది. ప్రతిసారీ శుభ్రమైన, పొడి చెంచాతో తీసి, మిగిలింది మళ్లీ అణచండి. బ్యాక్టీరియా బతికుండాలనుకుంటే వండకండి, వేడి కూరలో కలపాలంటే పొయ్యి దించి చల్లారాకే కలపండి. రుచి కోసమే అయితే వండుకోండి, పులుపు ఎక్కడికీ పోదు.

పాల సంగతి, క్లుప్తంగా

పాలకు వేరే దారి. పాలను కాచినప్పుడు అందులోని బ్యాక్టీరియా దాదాపు పోతాయి కాబట్టి తోడు వేయాల్సిందే. 85 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే పాలలోని బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ విప్పుకుని, పాలలో ఎక్కువగా ఉండే కేసిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది, అందుకే కాచిన పాల పెరుగు గట్టిగా తోడుకుంటుంది. యోగర్ట్ తోడులో రెండు జీవులు ఉంటాయి, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గేరికస్. మొదటిది రెండోదానికి ఫార్మిక్ ఆమ్లం అందిస్తుంది, రెండోది పాల ప్రోటీన్‌ను విరిచి మొదటిదానికి అమైనో ఆమ్లాలు ఇస్తుంది. విడివిడిగా కంటే కలిసి వేగంగా తోడేస్తాయి. 42, 43 డిగ్రీల దగ్గర తోడు కలిపి కదపకుండా ఉంచండి. పీహెచ్ 4.6 చేరేసరికి కేసిన్ కణాల మీది విద్యుదావేశం సున్నా అయి అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పెరుగు నిలబడుతుంది.

ఆరోగ్య వార్తను తూచడం

ఇప్పుడు మొదట్లో చెప్పిన రెండో కాటా. లాక్టిక్ బ్యాక్టీరియా ఆయుష్షు పెంచుతాయన్న మాటకు పెద్ద గొంతు ఇచ్చింది పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని శాస్త్రవేత్త ఎలీ మెచ్నికాఫ్. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది, కానీ అది రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి. పుల్లని పాల సిద్ధాంతానికి కాదు. ఆయన నమ్ముకున్న బల్గేరికస్ మన పేగులో కాపురం పెట్టదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఎంత గొప్పవారి మాటైనా ఏ పనికి బహుమతి, ఏ మాటకు ఆధారం అని విడదీసి చూడటం ఇక్కడి నుంచే నేర్చుకున్నాను.

వార్త చదివేటప్పుడు మొదట బ్యాక్టీరియా పూర్తి పేరు వెతకండి. మూడు భాగాలు ఉండాలి, ప్రజాతి, జాతి, ఆపై స్ట్రెయిన్, అంటే ఆ జాతిలోని ఒక ప్రత్యేక రకం. లాక్టికేసిబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అన్నప్పుడు చివరి జీజీయే అసలు గుర్తు. ఒకే జాతిలో రెండు స్ట్రెయిన్లు వేర్వేరు మనుషుల్లా ఉంటాయి, ఒకదాని ఫలితం రెండోదానికి చెందదు. పేర్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2020లో లాక్టోబాసిల్లస్ ప్రజాతిని 25 ప్రజాతులుగా విడదీశారు. కాబట్టి పాత వ్యాసంలో లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అని ఉన్నదీ, కొత్తదాంట్లో లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్ అని ఉన్నదీ ఒకటే. స్ట్రెయిన్ పేరే లేని వార్త దగ్గర నేను చదవడం ఆపేస్తాను.

తర్వాత మోతాదు. ప్రోబయోటిక్ అంటే, తగిన మోతాదులో ఇచ్చినప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ), ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణుల బృందం ఇచ్చిన నిర్వచనం సారాంశం ఇదే. ఇందులో 'తగిన మోతాదు', 'మేలు' అన్న రెండూ నిరూపించాల్సిన మాటలు. మీ సీసాలో గ్రాముకు కోట్ల బ్యాక్టీరియా ఉండొచ్చు. కానీ ఏ స్ట్రెయినో తెలియదు, దాన్ని ఎవరి మీదా పరీక్షించలేదు. కాబట్టి అది పులిసిన మంచి ఆహారం. దాన్ని ప్రోబయోటిక్ అనలేం. ఈ తేడా చెబితే కొందరు చిన్నబుచ్చుకుంటారు, కానీ ఆహారానికి ఇది లోటు కాదు.

మూడోది, ఎవరి మీద, దేనికి. ఇక్కడ రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒడిశా పల్లెల్లో 4,500కు పైగా నవజాత శిశువుల మీద చేసిన పరీక్ష 2017లో వెలువడింది. ఒక ప్లాంటారమ్ స్ట్రెయిన్‌ను దానికి ఆహారమయ్యే చక్కెర పదార్థంతో కలిపి వారం రోజులు ఇచ్చారు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ గానీ మరణం గానీ ఉత్తుత్తి మందు ఇచ్చిన బృందంలో 9 శాతం, ఇచ్చినవారిలో 5.4 శాతం. పసిప్రాణాల విషయంలో ఇది చాలా పెద్ద తేడా, చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అదే జాతి మీ క్యాబేజీ సీసాలోనూ ఉంటుంది, కానీ ఆ స్ట్రెయిన్ కాదు, మీరు నవజాత శిశువూ కాదు. ఇక రెండోది నెదర్లాండ్స్‌లో జరిగింది, 2008లో వెలువడింది. తీవ్రమైన పాంక్రియాస్ వాపుతో ఆసుపత్రిలో ఉన్నవారికి లాక్టిక్ బ్యాక్టీరియా, బిఫిడో బ్యాక్టీరియా మిశ్రమం ఇచ్చారు. ఇచ్చిన 152 మందిలో 24 మంది చనిపోయారు, ఉత్తుత్తి మందు తీసుకున్న 144 మందిలో 9 మంది. మేలు చేస్తుందనుకున్నది ప్రాణాల మీదికి తెచ్చింది. మంచి బ్యాక్టీరియా అన్న మాటను నేను అప్పటి నుంచి ఒంటరిగా వాడటం లేదు. ఎవరికి మంచి, ఎప్పుడు మంచి అని కూడా అడగాలి.

నాలుగోది, పోలిక. విరేచనాలు చాలావరకు కొన్ని రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి, కాబట్టి తిన్నాను, తగ్గింది అన్న అనుభవం ఆధారం కాదు. అమెరికా, కెనడాల్లో వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికి వచ్చిన పిల్లల మీద రెండు పెద్ద పరీక్షలు 2018లో వెలువడ్డాయి. ఒకదాంట్లో 971 మంది, ఇంకోదాంట్లో 886 మంది. అమెరికా పరీక్షలో వాడింది ఎంతో పేరున్న జీజీయే. రెండింటిలోనూ ఉత్తుత్తి మందుకూ బ్యాక్టీరియాకూ తేడా కనిపించలేదు. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చాలా జీర్ణకోశ సమస్యలకు ప్రోబయోటిక్స్‌ను సిఫారసు చేయలేదు, కొన్ని ప్రత్యేక సందర్భాలకే పరిమితం చేశాయి.

అంటే గట్టి ఆధారం దేనికీ లేదా? ఉంది. పాలు పడనివారికి బతికున్న బ్యాక్టీరియా ఉన్న యోగర్ట్ తేలికగా జీర్ణమవుతుంది, ఆ బ్యాక్టీరియాలోని ఎంజైము పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను పేగులో విరుస్తుంది. కొత్త దావాలను కఠినంగా తిరస్కరించే యూరప్ ఆహార భద్రతా సంస్థే 2010లో దీన్ని ఒప్పుకుంది, గ్రాముకు కనీసం 10 కోట్ల బ్యాక్టీరియా ఉండాలన్న షరతుతో. పులిసిన ఆహారం మొత్తంగా చేసే మేలు మీద స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2021లో ఒక పరీక్ష ప్రచురించింది. 36 మంది ఆరోగ్యవంతుల్లో కొందరికి పది వారాలు పులిసిన ఆహారాలు ఎక్కువగా, మిగతావారికి పీచు ఎక్కువగా ఇచ్చారు. పులిసినవి తిన్నవారి పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపును సూచించే 19 ప్రోటీన్లు తగ్గాయి. నాకు ఇది చాలా ఆశ కలిగించిన ఫలితం. అయినా 36 మందే, కొలిచింది ప్రోటీన్లనే, ఏ జబ్బు తగ్గిందో కొలవలేదు.

ఆ ఆశతో పళ్లెం నింపేసుకోకండి, ఉప్పు లెక్క మళ్లీ వేయండి. 2 శాతం ఉప్పు వేసిన క్యాబేజీ 100 గ్రాములు తింటే 2 గ్రాముల ఉప్పు. రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు మూడు చెంచాలు చాలు, రక్తపోటు ఉన్నవారికి ఇంకా తక్కువ. పులిసిన వాటిలో హిస్టమిన్, టైరమిన్ అనే పదార్థాలు చేరతాయి కాబట్టి తలనొప్పి, దద్దుర్లు వచ్చేవారు చెంచాడుతో మొదలుపెట్టి చూసుకోవాలి. ఎంఏఓ ఇన్హిబిటర్ రకం మందులు (కుంగుబాటుకు ఇచ్చేవాటిలో కొన్ని) వాడేవారు, క్యాన్సర్ చికిత్సలో గానీ అవయవ మార్పిడి తర్వాత గానీ రోగనిరోధక శక్తి తగ్గినవారు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.

మొదటి సీసా అయిపోవస్తున్నప్పుడు, మిగిలిన ఊటను కొత్త సీసాలో తోడులా పోయాలనిపిస్తుంది. పాలకు అది అవసరం, క్యాబేజీకి వద్దు. ఆ ముదిరిన ఊటలో ఉన్నది ఎక్కువగా ప్లాంటారమ్. మొదటి రోజే పులుపు ఎక్కి ల్యూకోనోస్టాక్‌కు వంతు దక్కదు, రుచి మొరటుగా వస్తుంది. ఆ ఊటను సలాడ్‌లో పిండుకోండి. కొత్త తరుగుకు కొత్త ఉప్పే తూచి వేయండి, పాత కాగితం చూసి. నేను తర్వాతి సీసాలకు 2 శాతం నుంచి 2.2కు మారాను, మా గది కాస్త వేడిగా ఉంటుంది కాబట్టి.